లైల్ హ్రుస్కా అడగని ప్రశ్న

లైల్ హ్రుస్కా బంతి విసరడం నేర్చుకున్నదీ, భుజం పోగొట్టుకున్నదీ, చివరికి ప్రధాన కోచ్ అయినదీ నెబ్రాస్కాలోని మా చిన్న కాలేజీ మైదానంలోనే. విద్యార్థిగా నొప్పి దాచుకుని ఒక వసంతమంతా బేస్‌బాల్ ఆడాడు; ఆ తర్వాత కుడిచేత్తో తల దువ్వుకోలేకపోయాడు. పాత కోచ్ దగ్గర సహాయకుడిగా మైదానంలో గడ్డి కోస్తూ, జట్టు బస్సు నడుపుతూ ఏళ్లు గడిపి ఆయన స్థానంలోకి వచ్చాడు. వచ్చాక ఒక పద్ధతి పెట్టుకున్నాడు: ప్రతి ఇన్నింగ్స్ ముగియగానే బంతి విసిరే పిచర్ పక్కన కూర్చుని చెయ్యి ఎలా ఉందో అడగడం.

ఆ పద్ధతి తప్పింది లీగ్ ఫైనల్‌లో. ఆ రోజు ట్రెంట్ బౌమన్ అనే మూడో సంవత్సరం విద్యార్థి బంతులు వేస్తున్నాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో సగం గడిచినా ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం, దక్కలేదు. చివరిదాకా అలాగే సాగితే పిచర్‌కు అది అరుదైన ఘనత. అటువంటి ఆట సాగుతున్నంతసేపూ ఆ పిచర్‌ను ఎవరూ పలకరించరు, అతని పక్కన కూర్చోరు. పలకరిస్తే దిష్టి తగులుతుందని మావాళ్ల నమ్మకం. ట్రెంట్ బెంచీ చివర ఒంటరిగా కూర్చుంటే, మిగతావాళ్లు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ మరో దిక్కు చూస్తున్నారు.

ఆరో ఇన్నింగ్స్ తర్వాత హ్రుస్కా లేచాడు. ట్రెంట్ బంతులు అందుకునే క్యాచర్ మాటీ అడ్డం వచ్చాడు.

"ఎటు కోచ్? కూర్చోండి, మీకు దణ్ణం పెడతా!"

"చెయ్యెలా ఉందో అడిగొస్తానోయ్."

"ఇవాళొద్దు. అటు గ్యాలరీలో చూడండి, దిష్టి తగులుతుందని మా అమ్మమ్మ మొదట్నుంచీ బాత్రూమ్‌కి కూడా లేవలేదు, పాపం!"

బెంచీ అంతా నవ్వింది. హ్రుస్కా కూడా నవ్వి కూర్చున్నాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో బంతి వేగం తగ్గింది. అది ముగిశాక ట్రెంట్ బంతి విసిరే కుడిచెయ్యి వాడకుండా నీళ్ల సీసా మూతను ఎడమచేత్తో తిప్పడం చూసి హ్రుస్కా ఇక ఆగలేకపోయాడు. వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"వేళ్లు తిమ్మిరెక్కాయా?"

"ఇప్పుడే రావాలా కోచ్? ఇంక కొంచెమేగా!"

"అడిగిందానికి చెప్పు."

"ఆరో ఇన్నింగ్స్‌నుంచీ అంతే."

ఆయన పిచర్‌ను మార్చాడు. కాసేపటికే ప్రత్యర్థులకు హిట్ దక్కింది. ఆ తర్వాత ఆటా పోయింది. ట్రెంట్ మోచేతిలో లిగమెంట్ చాలావరకు చిరిగిందని స్కాన్‌లో తేలింది. ముందే ఆపి ఉంటే ఎంత మిగిలేదో డాక్టరు చెప్పలేకపోయాడు. హ్రుస్కాకు నిద్ర లేకుండా చేసింది ఆ తెలియకపోవడమే.

ఊరి అభిప్రాయం వేరు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో కాఫీ తాగుతూ అందరూ ఆయన నోరు తెరవడమే తప్పన్నారు. ఆపరేషన్ అయ్యాక ట్రెంట్ చేతికట్టుతో ఆయన గదికి వచ్చి అదే మాట అన్నాడు.

"మీరొచ్చి కూర్చోకపోతే పూర్తిచేసేవాణ్ణి. చెయ్యి ఎలాగూ పోయిందిగా!"

"తప్పు నాదే. ఇంకా ముందే రావాల్సింది."

"నేనన్న తప్పు అది కాదు కోచ్." ట్రెంట్ తలుపు వైపు తిరిగాడు. "వేరే కాలేజీకి వెళ్తున్నా."

"అక్కడ చెయ్యెలా ఉందని అడుగుతారా?"

"అడగరనే వెళ్తున్నా."

అతను వెళ్లాక హ్రుస్కా ఆ కాలేజీ కోచ్‌కు ఫోన్ చేసి మోచేతి సంగతంతా, ఏడాదికి పైగా బంతి విసరకూడదని డాక్టరన్నదీ చెప్పాడు.

"కుర్రాడితో మాట్లాడాం లెండి," అన్నాడు అవతలి కోచ్. "వచ్చే వసంతానికి రెడీ అంటున్నాడు."