తొమ్మిదో సిస్టమ్ ఎదురుగా రాసిన సున్నా

ఏడేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఎన్నిసార్లు లేచి నిలబడ్డానో, ఒక్కసారీ ఇది చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది. చేసినప్పుడు అది తప్పులానే లేదు. రిజిస్టర్‌లో ఒక సున్నా, అంతే.

తార్నాక పక్కనే ఉన్న ఒక యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. బడికి వెళ్లి చదివినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు జబ్బు చేసి మంచాన పడితే, అమ్మే ఇంట్లో అక్షరాల దగ్గర్నుంచి అన్నీ నేర్పింది. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. అలాంటిదాన్ని నమ్మి ల్యాబ్ ఇన్‌చార్జి సార్ పనిలో పెట్టుకున్నారు. ఆయన పేరు తలుచుకోకుండా నా ప్రార్థన పూర్తికాదు. ఆ కృతజ్ఞతే ఆ రోజు నా నోరు నొక్కిందా? లేక ఇన్నేళ్లుగా అలా అనుకుని నన్ను నేను ఓదార్చుకుంటున్నానా?

మా ల్యాబ్‌లో ఎవరి ఫైళ్లూ ఆ సిస్టమ్‌లలో ఉండవు. వేరే బిల్డింగులోని సర్వర్లలో ఉంటాయి. ఎక్కడ కూర్చున్నా ఎవరి ఫోల్డర్ వాళ్ల ముందుకొస్తుంది. పని ఆలస్యం కాకుండా ప్రతి సిస్టమ్ తన దగ్గర ఒక కాపీ ఉంచుకుంటుంది. దాన్ని క్యాష్ అంటాం. నెట్‌వర్క్ లైను తెగితే, మనం సేవ్ చేసింది ఆ క్యాష్‌లోనే ఆగి, లైను వచ్చాక సర్వర్‌కి చేరుతుంది. కూర్చున్నవాళ్లకి ఈ తేడా తెలియదు. ఫైలు కళ్లముందే ఉంటుంది, తెరిస్తే తెరుచుకుంటుంది. అందుకని సెలవుల్లో సిస్టమ్‌లన్నీ తుడిచి, అంటే లోపలున్నదంతా చెరిపేసి, కొత్తగా లోడ్ చేసేముందు, ఒక్కోదాని క్యాష్‌లో ఇంకా వెళ్లని ఫైళ్లు ఎన్నున్నాయో చూసి రిజిస్టర్‌లో రాయాలి. సున్నా ఉంటేనే తుడవాలి. ఆ చూడడం నా పని.

ఆ శుక్రవారం ఎనిమిది చూశాను. ఎనిమిదింటికీ సున్నా. మూడు గంటలకి లాలాపేట్‌లో ఉపవాస ప్రార్థన. ఆ వారం సాక్ష్యం నాది. ఉద్యోగం ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పాలి. మిగతా పన్నెండింటికీ వరుసగా సున్నాలు పెట్టేసి, సంతకం చేసి, తుడిచే ప్రోగ్రాం మొదలుపెట్టి వెళ్లిపోయాను. ఉద్యోగానికి కృతజ్ఞత చెప్పే తొందరలో ఆ ఉద్యోగమే ఎగ్గొట్టాను.

తొమ్మిదో దాని నెట్‌వర్క్ వైరు వదులని నాకు తెలియదా? తెలుసు. దానికి టేపు చుట్టింది నేనే.

దాని ముందు ఎప్పుడూ కూర్చునేది స్వరూప. అసలు పేరు కాదు. రైతుల ఇంటి పిల్ల. అంబర్‌పేట్‌లో పాతకాలపు అవ్వల మాటతీరు మీద పరిశోధన చేసేది. "నీ సిస్టమ్‌ల కన్న మా అవ్వలు నయమక్కా, ఒక్క పిలుపుకే పలుకుతరు" అని నన్ను ఆటపట్టించేది. వాళ్ల గొంతులు రికార్డు చేసిన పరికరం డిపార్ట్‌మెంటుది. ఫైళ్లు ఎక్కించాక దాన్ని ఖాళీ చేసి, తర్వాతి వాళ్ల కోసం తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేసింది.

సోమవారం వచ్చింది.

"అక్కా, నా రికార్డింగులు లేవు. ఫోల్డర్ మొత్తం ఖాళీ ఉన్నది."

సార్ తలెత్తారు. "సరిగ్గా సేవ్ చేశావా అమ్మా? మీ పిల్లలు ఎక్కడో వేసి సర్వర్‌లో వేశామనుకుంటారు."

"చేసిన సార్. గురువారం తొమ్మిదో సిస్టమ్‌ల కూసొని చేసిన. తెరిచి విన్న గూడ."

నన్ను సిస్టర్ అని పిలిచే ఆయన రిజిస్టర్ తిప్పి చూపించారు. "ఇదిగో, తొమ్మిది ఎదురుగా సున్నా. మా సిస్టర్ రాసిందంటే చూసినట్టే."

స్వరూప నావైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా. చూసినవా? నువ్వు చూసిన అంటే, నేనే ఏదో ఆగం జేసుకున్న అనుకుంట."

"చూశానమ్మా" అన్నాను.

ఆ 'అమ్మా' ఎందుకు చేర్చాను? అబద్ధం మెత్తగా తగలాలనా? ఆమె కూలబడిపోతే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, ఏ సిస్టమ్ ఎప్పుడు సర్వర్‌ని అందుకుందో నమోదయ్యే సర్వర్ లాగ్ తీశాను. తుడవడానికి ముందు రెండు రోజులు తొమ్మిదో సిస్టమ్ సర్వర్‌ని అందుకోనే లేదు. ఆమె సేవ్ చేసినవి క్యాష్‌లోనే ఆగి, నేను తుడిచినప్పుడు పోయాయి. ఆ పిల్ల చెప్పిందంతా నిజమని ఆ ఒక్క పేజీ చెబుతుంది. మూసేశాను. అసలు రికార్డు చేశావా అని ఆమె పరిశోధన గైడ్ ఆమెను అడిగినప్పుడు ఆ పేజీ ఇంకా ఉంది. మళ్లీ వెళ్లి రికార్డు చేయమన్నప్పుడూ ఉంది. అప్పటికే ఆ అవ్వల్లో ఒకామె పోయింది. తర్వాత లాగ్ దానంతటదే చెరిగిపోయింది. స్వరూప పీహెచ్‌డీ మానేసింది.

ప్రార్థనలో ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. దేవుడు క్షమించే ఉంటాడు. కానీ పోగొట్టుకున్నది ఆయన కాదు కదా.

పోయిన నెల తార్నాక బస్టాపులో కనిపించింది. తనే పరుగున వచ్చి చేయి పట్టుకుంది. ఏదో ట్యూషన్ సెంటర్లో పాఠాలు చెబుతోందట. ఆ రోజు అందరూ తనని అనుమానిస్తే నేనొక్కదాన్నే మంచినీళ్లిచ్చానని, మర్చిపోనని చెప్పింది. తర్వాత నవ్వుతూ, "ఇప్పటికీ తాళమేసినంక మూడుసార్లు గుంజి చూస్తనక్కా. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు" అంది.

చెప్పాలని నోరు తెరిచాను. బస్సు వచ్చింది. వెళ్లిపోయింది. బస్సు రాకపోతే చెప్పేదాన్నా? తెలియదు. ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లింది. నొక్కి, మోగకముందే ఆపేస్తున్నాను. చెబితే ఆమెకి ఏం తిరిగొస్తుంది? ఆ గొంతులు రావు. ఆ ఏళ్లు రావు. వచ్చేది తన చేతి మీద తన నమ్మకం ఒక్కటే. అది చిన్నదా? చెప్పడం నాకు చేతనవడం లేదు. నిజంగా చేతనవడం లేదు.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. స్వరూప సేవ్ చేసింది. సరిగ్గానే చేసింది. చూడనిది నేను. చూశానని చెప్పిందీ నేనే.

రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. ఇంకేమీ మారలేదు.