పడకుండానే విరిగిన కాళ్లు

గురువారం స్కూల్లో ప్రేయర్ అయ్యాక ఫోన్ వచ్చింది. తాడేపల్లిగూడెం ఎముకల డాక్టరమ్మ గారు తెల్లవారుజామున గుండెపోటుతో పోయారట. విన్నాను. మామూలుగానే విజిల్ మెడలో వేసుకుని గ్రౌండులోకి వెళ్లి, పిల్లలచేత వార్మప్ చేయించాను. ఏడుపు రాలేదు.

కొల్లేటి పక్కన ఒక హైస్కూల్లో నేను ఆటల టీచర్ని. కాళ్లు విరగ్గొట్టుకున్న పిల్లల్ని గూడెంలో ఆవిడ దగ్గరికి తీసుకెళ్లడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. మొదట్లో చెట్టెక్కి పడ్డవాళ్లు, నాన్న సైకిలు వెనక కూర్చుని చువ్వల్లో పాదం ఇరికించుకున్నవాళ్లు ఎక్కువ. ఈమధ్య వచ్చేవాళ్లు పడనే పడరు. రోజూ సిమెంటు మీద పరుగు, పోటీ, మళ్లీ పరుగు. చూస్తే పాదంలో సన్నటి పగులు.

"పడ్డ పిల్లలు తగ్గిపోయారండీ మేడం. అలిసిపోయిన పిల్లలొస్తున్నారు," అనేవారావిడ.

ఎక్స్‌రే కంటే ముందు పిల్లల బూటు చూసేవారావిడ. లోపల చెయ్యి పెట్టి తడిమి, "ఇది అన్నయ్యదా?" అని అడిగేవారు. చాలాసార్లు అన్నయ్యదే. తర్వాత, "వారంలో ఏ రోజు ఆడకుండా ఉంటావమ్మా?" అనేవారు. పిల్లలు నా మొహం చూసేవాళ్లు. "ఆవిణ్ణి చూడకు, నాకు చెప్పు. ఎముకక్కూడా ఒక ఆదివారం ఉండాలి కదా!" తను మాత్రం ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చేవారు. ఇదేమిటండీ అంటే, "నావి ముదురు ఎముకలండీ," అని నవ్వేవారు.

పోయినేడు మా తొమ్మిదో తరగతి అమ్మాయిని తీసుకెళ్లాను. వారంలో జిల్లా సెలక్షన్లు. నొప్పి దాచుకుని పరిగెత్తి పరిగెత్తి, అడుగు వెయ్యలేని స్థితికి తెచ్చుకుంది. చేపల చెరువు మీద పనిచేసే వాళ్ల నాన్న చేతులు జోడించాడు.

"ఏదో ఒక కట్టు కట్టి పంపించండమ్మగారూ. స్పోర్ట్స్ కోటాలో సీటొస్తే దాని బతుకు బాగుపడుద్దండీ."

"సెలక్షన్లు వచ్చే ఏడు కూడా వస్తాయండీ. ఇది ఇంకా ఎదిగే పాదం. ఇప్పుడు పాడు చేసుకుంటే నేను కూడా ఏమీ చెయ్యలేను," అని పిండికట్టు వేసేశారు.

పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆవిడ పక్కన కూర్చుని, "నన్ను తిట్టుకో, పర్లేదు. నొప్పి మాత్రం దాచకు. మీ మేడంకి చెప్పు," అన్నారు. ఆ పిల్ల ఆవిడతో మళ్లీ మాట్లాడలేదు. కట్టు తీసిన రోజు కూడా తల వంచుకునే ఉంది.

శుక్రవారం సమాధుల తోటకి వెళ్లాను. చంకల్లో కర్రలు పెట్టుకున్న పిల్లలు కూడా వచ్చారు. అందరూ ఏడుస్తుంటే నేను ఎవరి బూట్లు బిగువుగా ఉన్నాయో చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. కూరలో ఉప్పుందో లేదో తెలియలేదు.

సోమవారం ప్రాక్టీసు. ఈ ఏటి సెలక్షన్లు ఇంకో నాలుగు రోజుల్లో ఉన్నాయి. పోయినేడు కట్టు పడ్డ ఆ అమ్మాయే పరుగు మధ్యలో ఆపి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మళ్లీ నొప్పెడుతోందండీ మేడం. పోయినసారి దాచేశాను. ఈసారి చెప్పేస్తున్నాను."

"మంచిపని చేశావు. కూర్చో," అన్నాను.

కూర్చుంది. బూటు విప్పుకుంటూ అడిగింది.

"ఇప్పుడు ఎవరికి చూపిద్దామండీ?"

మట్టి అంటిన ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. పరిగెత్తే పిల్లలంతా ఒక్కొక్కరే ఆగిపోయి, మావైపే చూస్తూ నిలబడ్డారు.