టోపీ కింద దాచిన సంగతి

హైదరాబాదులో తలకు వెంట్రుకలు నాటించుకున్న ఎనిమిదో రోజున తిరిగి బడిలో చేరాను. సెలవు చీటీలో తలకు శస్త్రచికిత్స అని మాత్రమే రాశాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ముప్పయ్యో ఏట మొదలైన బట్టతల నన్నెంత బాధించిందో ఎవరికీ చెప్పుకోలేదు. ప్రధానోపాధ్యాయుడు అటువంటివి చెప్పుకోరాదని నా అభిప్రాయం.

ఎండా దుమ్మూ తగలకుండా డాక్టరు ఒక వదులైన గుడ్డటోపీ ఇచ్చాడు. కొంతకాలం హెల్మెట్ పెట్టరాదన్నాడు. అందుకని మోటార్ సైకిల్ మాని, తల్లాడలో బస్సెక్కి, జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న మా బడికి వెళ్ళాను. ఎవరి మోచేయి తగులుతుందోనని దారంతా ముందుకు వంగి కూర్చున్నాను. విపరీతమైన దురద. గోకరాదు. చేతులు వాటంతట అవే పైకి లేస్తుంటే వెనక్కి కట్టుకుని వరండాలో తిరిగాను. పిల్లలు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉన్నారు.

మధ్యాహ్న భోజనం వండే ఆమె వరండాలోకి వచ్చింది. నడుము దాటిన జడ ఆమెది.

"మెదడు ఆపరేషన్ అయిందంట గద పెద్దసారు! మంచిగొచ్చిండ్రు, గదే చాలు. ఐతారం భద్రాచలం పోతున్న. మీరు బతికొస్తే తలనీలాలిస్తనని మొక్కిన."

అక్కడే సవరించవలసిన మాట. సరేనని ఊరుకున్నాను. అది బుధవారం.

తరువాత రెండు రోజులూ ఒకే వాక్యాన్ని మనసులో రాసి కొట్టివేస్తూ గడిపాను. హాజరు పట్టీలో ఒకే పేరుకు రెండుసార్లు గీత పెట్టాను. నేను నోరు విప్పకపోతే ఆ జడ పోతుంది. శనివారం వంటగదికి వెళ్ళాను.

"అమ్మా, నాకు జబ్బేమీ లేదు. బట్టతల మీద వెంట్రుకలు నాటించుకున్నాను. అంతే."

గరిటె ఆగింది. "ఏందీ?"

మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

"గీ దానికా సారు, వారం దినాలు మాకు బువ్వ సయించలే! నా బిడ్డ మీ కోసం ఒక్కపొద్దున్నది. టోపీ తియ్యుండ్రి, చూస్త."

తీసి తల వంచాను. ఆమె ముట్టకుండా చుట్టూ తిరిగి చూసింది.

"మిర్చినారు నాటినట్టే ఉన్నది. వరుస జర వంకర పోయింది."

"ఆ మొక్కు మానుకోండి."

"ఎట్ల మానుత? మీరైతే వచ్చిండ్రు గద." జడ ముందుకు వేసుకుని చూసుకుంది. "జబ్బుకైతే గుండు. గిసొంటి దానికి మూడు కత్తెర్లు చాలు. దేవునికి మీ సంగతి నేనే చెప్త."

జడ దక్కింది. "ఇంకెవరికీ చెప్పవద్దు" అన్నాను.

"నేనొక్కదాన్నే మొక్కిన్నా? రేపు ఊరోళ్ళు అమ్మోరికి కోళ్ళు కోస్తరు. చెప్పకుంటే ఎట్ల సారు? నడువుండ్రి."

బడి వదిలాక ఆమె వెంట ఊళ్ళోకి నడిచాను. మొదటి ఇంటి ముందు గంప కింద కోడిని మూసిపెట్టి ఉంచారు. ఎలా మొదలుపెట్టాలో తోచక, దాన్ని పెంచినాయనను ముందుగా బాగున్నారా అని అడిగాను.