రేణు అడిగిన మాత్రలు

నేపర్‌విల్‌లో రైలు స్టేషన్ వెనక, ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబ్ ఉండేది. డెంటిస్టులు రోగుల నోటి అచ్చులు పంపితే, వాటికి సరిపడే తొడుగులు అక్కడ చేసి ఇచ్చేవాళ్ళు. రేణు కాలేజీ రెండేళ్ళు చదివి మానేసి అందులో చేరింది. కృష్ణమూర్తిగారి అమ్మాయి డాక్టరో ఇంజనీరో కాకుండా కూర్చుని పళ్ళు చెక్కుతోందని తెలుగువాళ్ళ ఇళ్ళలో కాస్త నవ్వుకునేవాళ్ళు. ఎవరైనా అడిగితే తల్లి బాలమణి "డెంటల్ ఫీల్డ్" అని చెప్పి మాట మార్చేసేది.

ఆ నవ్వులు రేణు పట్టించుకోలేదు. పింగాణీ పొడిని తడిపి, కుంచె కొసతో పొర మీద పొర కట్టి, కొలిమిలో కాలుస్తారు. కాలినప్పుడు అది ఆరో వంతు కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందో ముందే చూసుకుని పన్నును కొంచెం పెద్దగా కట్టాలి. ఇది పుస్తకంలోనూ ఉంటుంది, కానీ చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ల్యాబ్ యజమాని వాల్టర్ బడిలో నేర్చుకున్నవాడు కాదు, సైన్యంలో ఎవరో చేస్తుంటే చూసి నేర్చుకున్నాడు. పొగడటం ఎరగని మనిషి. అలాంటివాడు 1983 జనవరిలో రేణు చేసిన కోరపన్ను ఒకటి కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పి చూసి, "ఇంకో రెండేళ్ళు కదలకుండా కూర్చో. అన్నిటికన్నా కష్టమైన ముందుపళ్ళు చెయ్యడం కూడా నీ చేతికొస్తుంది" అన్నాడు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు.

పెళ్ళికి రేణు పెట్టిన ఒకే ఒక్క షరతు ఆ రెండేళ్ళు.

సంబంధం తెచ్చింది డాక్టర్ రాధారాణి. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పుట్టిన పిల్లల్లో సగంమందికి ఆమే పురుడు పోసింది. రేణు పదకొండో ఏట ఈ దేశం వచ్చినప్పటి నుంచీ ఆమెను ఎరుగును. పెళ్ళికొడుకు శ్యామ్‌సుందర్ ఉండేది జెర్సీ సిటీలో. మన్‌హాటన్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. తర్వాత ఆదివారం పొద్దున్న పూట ఫోన్లు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి రేణు ధైర్యం చేసి చెప్పేసింది.

"శ్యామ్, నాకు బేబీ ఇప్పుడు వద్దు. టూ ఇయర్స్ తర్వాత. నా వర్క్ సగంలో ఉంది."

"ఇందులో నన్ను అడిగేదేముంది? నీ బాడీ, నీ ఇష్టం. నేనలాంటి మొగుణ్ణి కాదులే."

ఆ మాటకు రేణు ఆ వారమంతా తేలిపోతూ తిరిగింది. వాల్టర్ జెర్సీ సిటీ పక్కనే నెవార్క్‌లో తనకు తెలిసిన ల్యాబ్‌కు ఉత్తరం రాశాడు. జులై నుంచి తీసుకుంటామని, రెండేళ్ళు వదలకుండా పని చెయ్యాలని వాళ్ళు జవాబు రాశారు.

ఇక మిగిలింది గర్భం రాకుండా చూసుకోవడం. రేణు ఇంతవరకూ మగవాడి చెయ్యి పట్టుకుని ఎరగదు. అయినా ఏ పింగాణీ ఏ వేడికి పగులుతుందో తెలుసుకోకుండా కొలిమి ముట్టించని మనిషి, ఈ పనికి మాత్రం గుడ్డిగా ఎలా దిగుతుంది? మూడు శనివారాలు లైబ్రరీలో కూర్చుంది. పుస్తకాలు ఇంటికి తెచ్చే ధైర్యం లేక అక్కడే చదివి, చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంది. లూప్, పిల్లలు పుట్టనివాళ్ళకు అంత మంచిది కాదన్నారు. నిరోధ్ మగవాడి చేతిలో ఉంటుంది. లోపల అమర్చుకునే రబ్బరు మూత బాగానే ఉంది గాని, కొత్తలో ఆ సమయానికి లేచి వెళ్ళి పెట్టుకోవాలంటే సిగ్గు. మాత్ర అయితే పొద్దున్న పళ్ళు తోముకున్నట్టు రోజూ ఒకటి, ఎవరినీ అడగనక్కర్లేదు. చివరికి మాత్రకే ఓటు వేసింది.

రాధారాణి దగ్గరికి వెళ్ళడానికి దారి వేరే పనిలో దొరికింది. మన ఊళ్ళలో అయితే పెళ్ళికూతురు నెలసరి చూసుకుని ముహూర్తం పెడతారు. ఇక్కడ అలా కుదరదు. పార్కు వాళ్ళ హాలు జూన్‌లో ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క శనివారం. పిట్స్‌బర్గ్ నుంచి రావలసిన పంతులుగారికి ఖాళీ ఉన్నదీ ఆ శనివారమే. అందువల్ల ఆ శనివారమే శుభముహూర్తమైంది. శుభలేఖలు అచ్చయ్యాక బాలమణి వేళ్ళ మీద లెక్కపెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది. అలాంటప్పుడు నెలసరి వెనక్కి జరపడానికి మాత్రలుంటాయి. ఆ శివార్లలో పెళ్ళి చేసుకున్న ఆడపిల్లలందరూ అవి మింగినవాళ్ళే. తల్లీ కూతుళ్ళిద్దరూ రాధారాణి ఇంటికి వెళ్ళారు. బాలమణి చనువుగా తానే కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళగానే రేణు నోట్‌బుక్ తీసింది.

రాధారాణి కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, పడీపడీ నవ్వింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! కాలేజీలో ఇంత చదివుంటే నీకీపాటికి డిగ్రీ వచ్చేదే."

"ఆంటీ, ప్లీజ్. సీరియస్‌గా చెప్పండి. పిల్ ఓకేనా నాకు?"

"ఓకే ఏమిటి, బెస్ట్. ఫార్మసీకి మాత్రం పోకు. నువ్వు క్యూలో నిలబడితే వెనక ఎవరో ఒక తెలుగావిడ ఉండనే ఉంటుంది. నా దగ్గర శాంపిల్స్ ఉన్నాయి, నేనే ఇస్తాను."

"అమ్మకి చెప్పొద్దు."

"డాక్టర్నే పిల్లా నేను! చెప్తానా?"

రెండు సీసాలు ఇచ్చింది. మొదటిది నెలసరి ఆపడానికి, పెళ్ళి దాకా. రెండోది రేణు అడిగిన మాత్రలు, పెళ్ళివారం సోమవారం నుంచి రోజుకొకటి. రెండో సీసా మీద ఏ కాగితమూ అంటించి లేదు. ల్యాబ్‌లో చీటీ లేని అచ్చు వస్తే రేణు అక్కడికక్కడే వెనక్కి పంపేస్తుంది. ఇక్కడ ఆ ఆలోచనే రాలేదు. ఇచ్చింది రాధారాణి ఆంటీ కదా.

సోమవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో అన్నం తినే వేళకు మొదటి మాత్ర తీసింది. చింతగింజంత ఉంది. గొంతులో అడ్డం పడి, రెండు గుక్కల నీళ్ళకు గాని దిగలేదు. పక్కబల్ల డోనా ఆమె వీపు తట్టి, ఏమిటా మాత్రని అడిగింది. రేణు చెవులు ఎర్రబడుతుండగా చెప్పింది.

"అదా? కాదమ్మాయ్," అంది డోనా. ఇద్దరు పిల్లల తల్లి, మొహమాటం లేని మనిషి. తన సంచిలోంచి గుండ్రటి డబ్బా తీసి మూత తెరిచింది. లోపల వారాల పేర్లు, వాటి ఎదురుగా పెసరగింజల్లాంటి మాత్రలు. "ఇదిగో, ఇది పిల్. నీది వాసన కూడా వస్తోంది చూడు. నాకు కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటివే ఇచ్చారు."

ఇద్దరూ మూలమీద ఉన్న మందుల దుకాణానికి వెళ్ళారు. దుకాణంలోని ముసలాయన మాత్ర మీది అంకెలు చూసి, లావుపాటి పుస్తకంలో వెతికి, రేణు వైపు నవ్వుతూ తల ఎత్తాడు.

"గర్భిణీలు వేసుకునే విటమిన్లమ్మా. ఐరన్ కలిసినవి. కంగ్రాచులేషన్స్. ఎన్నో నెల?"

రేణు చెయ్యి చాచి మాత్ర వెనక్కి తీసుకుంది. డోనాయే ఆయనకు థాంక్స్ చెప్పి ఆమెను బయటికి తీసుకొచ్చింది. ఆ సాయంత్రమే తనకు తెలిసిన క్లినిక్‌కు తీసుకెళ్ళింది. మొదటి సీసా వాడుతుండగా పిల్ మొదలుపెట్టడం కుదరదని, ఆ శనివారానికి అది పనికి రాదని నర్సు చెప్పింది. రబ్బరు మూత కొలత తీసి, ఎలా పెట్టుకోవాలో, సరిగ్గా కూర్చుందో లేదో వేలితో ఎలా తడిమి చూసుకోవాలో చూపించింది. అంచులు పట్టి కూర్చోవడమంటే ఏమిటో నాలుగేళ్ళుగా రేణు వేళ్ళకు తెలుసు. రెండోసారికే కుదిరింది. "నెల పోయాక మళ్ళీ రా, కొలత మారొచ్చు. మామూలుగా దీనికి గంట పడుతుంది, నువ్వేం పని చేస్తావు?" అని అడిగింది నర్సు.

"పళ్ళు చేస్తాను" అంది రేణు.

అప్పటికి ఆమె కోపమంతా రాధారాణి మీదే. పెళ్ళి మాట వేరు.

మర్నాడు పని నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్ళి సీసా బల్ల మీద పెట్టింది. రాధారాణి పెళ్ళికూతురికి ఇవ్వబోయే చీరకు రంగుకాగితం చుడుతోంది.

"ఇవి పిల్స్ కాదు ఆంటీ."

రాధారాణి చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కాగితం మడతపెట్టాయి. "అయితే? విటమిన్లే కదే. విషమేమీ ఇవ్వలేదు కదా నీకు?"

"నేను ఏం అడిగాను? మీరు ఏం ఇచ్చారు? లై చేశారు కదా!"

"అరవకు. నీకు ఇరవై నాలుగు. ఇప్పుడు ఆపుకుంటే తర్వాత ఎంతమంది నా దగ్గరికొచ్చి ఏడుస్తారో నీకేం తెలుసు? పుడితే నువ్వే ఎత్తుకుని తిరుగుతావు. అయినా ఇదేం నేను నా అంతట చేసింది కాదు."

"మరి ఎవరు? అమ్మా?"

"మీ అమ్మకేం తెలుసు పాపం. మీ ఆయనే." రాధారాణి అంటుకోని కాగితం మీద గోరు గీస్తూ, తప్పు కాస్త పంచుకోగలిగినందుకు తేలికపడినట్టు చెప్పుకుపోయింది. "నువ్వు నా దగ్గరికే వస్తావని తెలిసి ముందే ఫోన్ చేశాడు. వాళ్ళమ్మకు ఏడాదిలోగా మనవణ్ణి చూడాలని ఉందట. రేణుతో చెబితే వాదన పెడుతుంది, మీ మాటయితే వింటుంది, ఏదో ఒకటి ఇచ్చి ఊరుకోబెట్టండి ఆంటీ అన్నాడు. పెళ్ళయ్యాక మీరూ మీరూ చూసుకుంటారు కదా అని ఇచ్చాను."

రేణు ఇంటికి ఎలా డ్రైవ్ చేసిందో ఆమెకు గుర్తు లేదు. దారి పొడుగునా ఒకటే అనుకుంది, ఆంటీ అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఒకసారి చెప్పిన మనిషి రెండోసారి చెప్పదా? శ్యామ్ నోటితో వింటే గాని నమ్మకూడదు.

బుధవారం పొద్దున్నే అతని ఆఫీస్‌కు ఫోన్ చేసింది. వంటింట్లో బాలమణి కందిపప్పు ఏరుతోంది.

"ఏంటి సర్‌ప్రైజ్? ఇంకా మూడు రోజులు ఆగలేవా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"శ్యామ్, ఆంటీ ఇచ్చిన పిల్స్ చాలా పెద్దవి. మింగటం కష్టంగా ఉంది. వేరేవి అడగనా?"

"వద్దొద్దు. డాక్టరిచ్చింది మార్చకూడదు. నేనూ చదివాన్లే, ఇప్పుడొస్తున్న వాటిలో అవే బెస్ట్. రోజూ మర్చిపోకుండా వేసుకో."

"టూ ఇయర్స్ అన్నాం కదా మనం."

"అన్నాంగా. నీ ఇష్టమే అని ఎన్నిసార్లు చెప్పాలి రేణూ?"

గొంతులో తడబాటు లేదు, ముద్దుగా కూడా ఉంది. మూడు నెలల ఆదివారాలూ రేణు విన్న గొంతు అదే.

"అవి విటమిన్స్, శ్యామ్."

అవతల ఎవరో టైపు కొడుతున్న చప్పుడు వినిపించింది. విటమిన్లేమిటని అతను అడగలేదు.

"ఆంటీ చెప్పేసిందా?" అన్నాడు.

రేణు గోడకు ఆనుకుంది. అతను గొంతు తగ్గించి, అమ్మ ఆరోగ్యం గురించీ, ఇది ఇంత పెద్ద విషయం కాదనీ, నెవార్క్ ల్యాబ్ ఎక్కడికీ పోదనీ, ఆమెకు కోపం తగ్గాక తానే నవ్వుకుంటుందనీ చెబుతూనే ఉన్నాడు. అందులో ఒక్కమాట కూడా తాను చేసింది తప్పని లేదు. రేణు రిసీవర్ పెట్టేసింది.

"ఎవరే?" అంది బాలమణి.

రేణు చెప్పింది. రాని మాటలకు ఇంగ్లీషు కలుపుకుంటూ, నోట్‌బుక్ నుంచి టైపు చప్పుడు దాకా అంతా చెప్పింది. బాలమణి వింటూ వింటూ చేటను పక్కకు పెట్టింది. ముందు రాధారాణిని తిట్టింది. తర్వాత అల్లుణ్ణి తిట్టింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "సరే, ఇప్పుడు వేరే తెచ్చుకున్నావు కదా. అదేదో వాడుకో. అతనికి చెప్పకు. మూడు రోజుల్లో పెళ్ళమ్మా," అంది.

"నేను కూడా లై చెయ్యాలా?"

"అందరం చేస్తాం. సంసారమంటే ఏమనుకున్నావు?"

రాధారాణి ఇంట్లో రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. రేణు సింకు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేదాకా బాలమణి కదలలేదు.

"నేను చేసుకోను అమ్మా."

"నూట ఎనభై మందిని పిలిచాం. ఏమని చెప్తావు వాళ్ళకి? ఒంట్లో బాగాలేదని చెప్పు పోనీ."

"అయిందే చెప్తాను."

"ఆ మాటలు పదిమందిలో చెప్తావా? నీకు మళ్ళీ సంబంధం వస్తుందా?" బాలమణి లేచి, పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపలి నుంచి ఆమె భర్త ఆఫీస్‌కు ఫోన్ చేస్తున్న అలికిడి వినిపించింది. రేణు ఆమె ముగించేదాకా ఆగి, గోడ ఫోన్ తీసుకుంది. ఫోన్ కింద పెళ్ళివంటల చీటీ ఉంది. కేటరింగు దొరికే రోజులు కావు, ఒక్కో వంట ఒక్కో ఇంటివాళ్ళు చేసి తేవాలి. పులిహోర జయంతి ఆంటీది. పదిహేను పౌన్ల బియ్యానికి ఆవిడ గురువారమే పని మొదలుపెట్టాలి. అందుకని మొదట ఆవిడకే చేసింది.

"జయంతి ఆంటీ, పులిహోర చెయ్యకండి. పెళ్ళి లేదు."

"అయ్యో! ఏమైందే? ఎవరికన్నా ఏమన్నా అయ్యిందా?"

రేణు చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా తేలికగా ఉంది. పిల్ అనే మాట దగ్గర గొంతు ఆగలేదు. శ్యామ్ అన్న మాటలు అన్నట్టుగానే చెప్పింది.



"రాధారాణేనా ఇచ్చింది? నువ్వు కళ్ళారా చూసినవా?"

"నా హ్యాండ్‌లో పెట్టారు ఆంటీ."

"మా కోడలు ఉష రెండు నెలలాయె రాధారాణి మందులే మింగుతోంది. ఇప్పుడే పిల్లలొద్దని తనే అడిగి తెచ్చుకుంది," అంది జయంతి. రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆవిడ మేడమెట్ల మీదికి కేక వేయడం రేణుకు వినిపించింది. "ఉషా! ఓ ఉషా! కిందికి రా ముందు. నీ మాత్రలు పట్టుకుని రా!"