కుండలో చెయ్యి

నరసరావుపేటలో చేతిపనుల గురించి రాసుకోడానికొచ్చిన పట్నమోళ్లు మా కుమ్మరోళ్లందర్నీ కూర్చోబెట్టి సాయంత్రం దాకా ప్రశ్నలడిగారు. "మీరు చేసిన కుండలో మీరెక్కడ కనబడతారు?" అన్నదానికి నాకేమీ తోచలేదు. రోజంతా మట్టి తొక్కినా అంత అలుపు రాదు.

తిరుగు ప్రయాణంలో, మాచర్ల బస్సులో, పక్క సీట్లో ముసలావిడ, వాళ్లకి చూపించడానికి పట్టుకెళ్లిన కుండ నా ఒళ్లో ఉంటే చూసింది. అడక్కుండానే లోపలికి చెయ్యి పెట్టి, కుండ సాగడానికి నేను చెక్కతో కొట్టిన దెబ్బల సొట్టలు మెల్లగా తడిమింది.

"పైన సమంగానే కొట్టావు. అడుగుకొచ్చేసరికి చానా అలిసిపోయావు గదా నాయనా," అంది.

"అవును పెద్దమ్మా. నీకెట్టా తెలిసింది?"

"మా ఆయన కుండలూ ఇట్టాగే ఉండేయి. ఆయన పోయాక ఒకటొకటే పగిలిపోయినయ్. ఇంట్లో ఒక్కటీ మిగల్లా."

ఇక చెయ్యి తీస్తుందనుకున్నా. ఆవిడ గురజాలలో దిగేదాకా తియ్యలేదు.