పైనోడు

మొన్న గట్టు ఊరికి పోయే దారిలో బస్సు కిటికీలోంచి జొన్నచేనులో ఒక ఖాళీ మంచె కనిపించింది. ఇన్నేళ్లయినా నాకు మళ్లీ ఒళ్లు మండింది.

నిజాం కాలం నాటి మాట. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మోకాలెత్తు జొన్న వాడిపోతోంది. రాయచూరుకు కూలికి పోదామని నాన్న రోజూ పోరు పెట్టేవాడు. ఆయన తల్లి, మా అవ్వ, కదిలేది కాదు. ఏమడిగినా ఒకటే మాట: "పైనోడు సూస్తుండు."

అంబలి పలచనైంది, పైనోడు చూస్తున్నాడు. ఎద్దు బక్కచిక్కింది, పైనోడు చూస్తున్నాడు. ఆ చిన్న వయసులో నాకు తెలిసి పైన ఉండేవాడు ఒక్కడే, మంచె మీద కూర్చుని పిట్టలను తోలే మనిషి. వాడలా చూస్తూ కూర్చుంటే ఎలా? దిగొచ్చి నాలుగు కుండల నీళ్లు పోయొద్దూ?

వాణ్ని కడిగేద్దామని ఒకనాడు మంచె ఎక్కాను. ఎవరూ లేరు. కంకి వేయని చేనుకు కాపలా ఉండదని నాకేం తెలుసు? ఉరికొచ్చి అరిచాను.

"అవ్వా, పైన ఎవడు లేడు! ఉత్తగనే చెప్తున్నవ్!"

నాన్న పగలబడి నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

"ఎక్కితివి గద, ఏం కనవడ్డది?"

"మన చేను. అంత ఎండిపోతుంది."

"ఆయనకు గూడ గదే కనవడ్తది బిడ్డా. కనవడ్డంక గూడ గింత ఆలస్యం ఎందుకు చేస్తుండో, నాకు గదే తెల్వదు!"

మేం రాయచూరు పోలేదు. వాన ఎప్పుడు పడిందో గుర్తులేదు. అది పడేదాకా అవ్వ రోజూ వాకిట్లో నిలబడి, పైకి చూస్తూ తిట్టిన తిట్లు మాత్రం గుర్తున్నాయి. లేనివాణ్ని ఎవరూ అన్నాళ్లు తిట్టరు.