బూరెబుగ్గలు

శుక్రవారం సాంబ్రాణి వెలిగిస్తే ఆ పిల్ల బుగ్గలే గుర్తొస్తాయి.

మండపేటలో మా వెనక వాటాలో అద్దెకుండేవాళ్ల పిల్ల. ఆ పిల్లకి ఆయాసం జబ్బు. గదిలో గోడలు చెమ్మ, కిటికీ తెరిస్తే రైసుమిల్లు బూడిద. గోడ బాగుచేయిస్తానంటూనే రోజులు గడిపేశాను. ముక్కిన వాసన పోతుందని మాత్రం వారం వారం నేనే వెళ్లి గదంతా సాంబ్రాణి పొగ వేసేదాన్ని. నన్ను చూడగానే ఆ పిల్ల పెదాలు బిగించి, బుగ్గలు బూరెల్లా ఉబ్బించేది. ఆట కాబోలని నేనూ ఉబ్బించేదాన్ని. వాళ్లమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు, "ఇక నాతో బుగ్గలాట ఎవరాడతారే?" అన్నాను.

"ఆట కాదండి, మామ్మగారూ. మీరెళ్లేదాకా ఊపిరి పీల్చొద్దని అమ్మ చెప్పిందండి. ఇంటివాళ్లని వద్దనకూడదంటండి."